మోషే వాళ్ళ నెట్టు

ఇటు జరుగు బిడ్డా, ఇంకొంచెం దగ్గరికి. ఇది గొంతు పెంచి చెప్పే ముచ్చట కాదు. గోడలు పలచగా ఉన్న ఇళ్ళలో పుట్టిన ముచ్చట, మెల్లగానే చెప్పాలి, నువ్వూ మెల్లగానే వినాలి. నాచారంలో ఫ్యాక్టరీల వెనక, ఒకరి గోడ ఇంకొకరికి ఆనుకునేట్టు వరసగా కట్టిన కిరాయి ఇళ్ళు ఉండేవి. అందులో నడిమింట్లో తారామణి అనే ఆమె ముందు గదిలో నేల మీద కూర్చుని, పీట మీద ఒక పాత ల్యాప్‌టాప్ పెట్టుకుని దాని మొహంలోకి చూస్తూ ఉంది. చూస్తూ ఉందంటే కళ్ళు మాత్రమే అక్కడున్నాయి, చెవి పక్కింటి గోడకుంది, ప్రాణం ఎక్కడుందో ఆమెకే తెలియదు. అప్పటికి తెలంగాణ ఇంకా రాలేదు, ఉప్పల్ రోడ్డు మీద మెట్రో స్తంభాలు తలల్లేకుండా నిలబడి ఉన్నాయి. ఆ రోజు బందు. బస్సుల్లేవు, షట్టర్లు లేవలేదు, చౌరస్తాలో నెట్ సెంటర్ నడిపే అతను లాలాపేట్‌లో తన ఇంట్లో కాళ్ళు చాపుకుని పడుకుని ఉంటాడు. కూతురు కావ్య పదో తరగతి పాసై, అచ్చులూ డైలూ తయారుచేయడం నేర్పే డిప్లొమాకే పోతానని పట్టు పట్టింది. అది కేంద్రం వాళ్ళ కోర్సు, ఢిల్లీలో కూర్చున్న వాళ్ళకు మన బందుతో పనిలేదు, సాయంత్రం ఐదు కొట్టగానే కంప్యూటర్లో ఆ ఫారం మూసేస్తారు. నాలుగు దాటింది. కావ్య మార్కుల కాగితాలున్న ప్లాస్టిక్ కవరు గుండెకు ఆనించుకుని గడప మీద కూర్చుని ఉంది, ఆ కూర్చున్న తీరే తారామణికి సూదుల్లా తగులుతోంది.

ఎందుకంటే ఇది తను చేజేతులా తెచ్చుకున్నది. ఆ ఫారం పాత విండోస్‌లో తెరుచుకోలేదు, నీ బ్రౌజర్ పాతబడింది పో అన్నట్టు ఒక తెల్ల పేజీ చూపించి ఊరుకుంది. మరిది సురేష్ హబ్సిగూడలో కంప్యూటర్ల రిపేరు షాపులో పనిచేస్తాడు, ఈ ల్యాప్‌టాప్ కూడా ఎవరో వాడి వదిలేస్తే అతనే తెచ్చి ఇచ్చాడు. కొత్త విండోస్ డిస్కు పంపించి, నేను వచ్చినంక ఎక్కిద్దాం వదినె, నువ్వు ముట్టకు అన్నాడు. ఇంతలో బందు వచ్చి పడింది, సురేష్ నాగారంలో ఇరుక్కుపోయాడు, ఈసీఐఎల్ దగ్గర రోడ్డు మీద టైర్లు కాలుతున్నాయట. ఆగు అమ్మా, చిన్నాయనకు ఫోన్ చేద్దాం అని కావ్య అన్నది. కానీ తారామణి ఆగే మనిషా, పెళ్ళికి ముందు ఆరు నెలలు కంప్యూటర్ కోర్సు చేసిన మనిషి, ఆ సర్టిఫికెట్టు ఇంకా బీరువాలో పట్టుచీర మడతలోనే ఉంది, నాకు రాదా ఇది అనుకుంది. పొద్దున భర్త ఉప్పలయ్య రెండు గల్లీల అవతల దోస్తు ఇంటికి పేకాటకు పోగానే డిస్కు పెట్టింది, అడిగినదానికల్లా అవునని నొక్కింది, పాతదంతా తుడిచేస్తాను సరేనా అంటే సరే అంది. మధ్యాహ్నానికి తెర మీద కొత్త నీలం విచ్చుకుంది, ఎంత ముద్దుగా ఉందో, కొత్త సున్నం వేసిన ఇల్లులా ఉంది. కింద మూలన నెట్ గుర్తు మీద మాత్రం ఎర్రటి అడ్డగీత. అన్నీ ఉన్నాయి, నెట్టు లేదు. నెట్టే కాదు, నెట్టు పట్టుకునే అవయవమే లేనట్టు కూర్చుంది అది.

"డివైస్ మేనేజర్ల పసుపు గుర్తు ఉన్నదా వదినె ఏడన్న?" ఫోన్లో సురేష్.

"ఉన్నది. నిలువు గీత, కింద చుక్క."

"గదే. వైఫై ముక్క లోపల మంచిగనే ఉన్నది, గని కొత్త విండోస్ దాన్ని గుర్తు పడ్తలేదు. దాన్ని గుర్తు పట్టిచ్చే డ్రైవర్ కావాలె. నెట్ ఉంటే అదే దింపుకునేది."

"నెట్ కోసమే గదరా నా ఏడుపు."

"ల్యాప్‌టాప్ సంచిల ఒక సీడీ పెట్టిచ్చిన అప్పట్ల. దాన్ని కోళ్ళను బెదిరిచ్చెతందుకు దండెం మీద ఏలాడదీసినవా?"

"మాకు కోళ్ళేడియిరా. ఉన్నది, సంచిలనే ఉన్నది."

"దాంట్ల విస్టా అని ఒక ఫోల్డర్ ఉంటది. గది దీనికి అన్న లెక్క, అన్న అంగీ తమ్మునికి వస్తది, ఫికర్ చెయ్యకు. రైట్ క్లిక్ కొట్టి, పాత విండోసే అనుకునేటట్టు నడిపియ్యి."

ఆమె నడిపించింది. పచ్చటి పట్టీ ఒకటి చీమలా పాకడం మొదలుపెట్టింది, ల్యాప్‌టాప్ కడుపులో ఫ్యాను గుర్రుగుర్రుమంటోంది. ఆ పట్టీని చూస్తూ ఉండగా తారామణి లోపల ఒక చిన్న కోరిక లేచింది, ఇది పని చేయకపోతే బాగుండు అని. అట్లా అనుకున్నది తనేనా అని ఉలిక్కిపడి కావ్య వైపు చూసింది, పిల్ల కవరు అంచును గోటితో గీకుతూ ఉంది. పిల్ల బతుకుదారి ఈ పట్టీ మీద పాకుతుంటే ఆగిపో అనుకునే తల్లి ఉంటుందా, ఉంది, ఇక్కడే కూర్చుని ఉంది. ఎందుకంటే యంత్రం చెడిపోతే అది యంత్రం తప్పు, ఏం చేస్తాం బిడ్డా మన రాత అని పిల్లను పట్టుకుని ఏడవచ్చు, ఏడుపులో ఒక గౌరవం కూడా ఉంటుంది. బాగయితేనే తంటా. బాగయితే అది నెట్టు కోసం వెతుకుతుంది, వెతికితే దొరికేది ఒక్కటే, మోషే వాళ్ళ నెట్టు. తమ ఇంట్లో తమ నెట్టు ఎప్పుడు ఉందని.

రెండేళ్ళ కింద, అవును, కావ్య ఎనిమిదిలో ఉంది. పక్కింటి మోషే చర్చిలో కీబోర్డ్ వాయిస్తాడు, పాటలు దింపుకోవడానికి నెట్టు పెట్టించుకున్నాడు, నెలకు ఇంతే అని కొలిచి ఇచ్చే నెట్టు. సురేష్ ల్యాప్‌టాప్ తెచ్చిన వారానికే మోషే వచ్చి ఇదే గదిలో, ఇదే పీట పక్కన బాసింపట్టు వేసుకుని కూర్చున్నాడు. గోడకు పొక్క కొట్టే పని లేదు చెల్లె, గాలిలనే వస్తది, ఇగ మా ఉప్పలయ్య బావ పీల్చే గాలికి గూడ నాకు దండం పెట్టాలె అన్నాడు. అతని భార్య విక్టోరియా గుమ్మంలో నిలబడి, నీ ముచ్చట బందు పెట్టి పిల్లకు పెట్టియ్యి, చదువుకుంటది అన్నది. పాస్‌వర్డ్ కొట్టేటప్పుడు తారామణి మొహం అటు తిప్పుకుంది, ఒకరు బీరువా తెరిచేటప్పుడు మనం చూడం కదా, అట్లా. అంత మర్యాద తెలిసిన మనిషే. ఆ తర్వాత ఆ ల్యాప్‌టాప్ మూత ఎత్తితే చాలు, అదే పట్టుకునేది, ఎవరినీ అడగాల్సిన పనే రాలేదు. విక్టోరియా హబ్సిగూడలో ఒక దవాఖానాలో నర్సు, కావ్యకు టైఫాయిడ్ వచ్చినప్పుడు డ్యూటీ దిగి చెప్పులైనా విప్పకుండా ముందు ఇక్కడికి వచ్చి సూది వేసి పోయేది. గోంగూర పచ్చడి ఎవరు నూరినా రెండిళ్ళలో గుమాయించేది. అక్కా అంటే అక్కే. అక్కా అన్న ఆ నోరే, అని ఆలోచన అక్కడిదాకా వచ్చి కాలికి ముల్లు గుచ్చుకున్నట్టు ఆగింది. పట్టీ సగం దాటింది.

గోడ అవతల విక్టోరియా గిన్నెలు తోముతోంది. బందు కదా, డ్యూటీ లేదు, వెనక వసారాలో కూర్చుని తోముతోంది. పీచు గిన్నెకు రాసుకునే చప్పుడు ఎంత దగ్గరగా వినిపిస్తోందంటే తన వీపు మీద రాస్తున్నట్టే ఉంది. వద్దు అనుకుంది, గుర్తు రావద్దు అనుకుంది, వద్దంటే ఆగుతుందా. శివరాత్రి పోయి ఎండలు ముదురుతున్న రోజులు. ఆ వరస మొత్తానికి గల్లీలో ఒకటే నల్లా, రోజు విడిచి రోజు నీళ్ళు. తెల్లారక ముందే వరసలో బిందె పెట్టి, పొయ్యి మీద ఉప్పలయ్య టిఫిను మాడుతుందని లోపలికి ఉరికింది. తిరిగి వచ్చేసరికి తన స్టీలు బిందె వరసలో లేదు, నల్లా కింద విక్టోరియా బిందె ఉంది. అంతే, నోరు లేచింది. నా బిందె ఎత్తేసి నీ బిందె పెడ్తవా, డ్యూటీలు నీకొక్కదానికే ఉన్నయా, చదువుకున్నోళ్ళమని వరస గూడ పాటించవా అని, ఇంకా ఏమేమో. గల్లీ మొత్తం చూస్తోంది. విక్టోరియా గొంతు పెంచకుండా చెయ్యి చాపి చూపించింది, అగో తారా, నీది నింపి నీడకు పెట్టిన అని. నిజమే, గోడ నీడలో తన బిందె, అంచుదాకా, ఒక్క చుక్క ఒలకకుండా.

అప్పుడు నవ్వేస్తే అయిపోయేది. అయ్యో అక్కా, నా కళ్ళు మండ అంటే అయిపోయేది. నల్లా దగ్గర కొట్లాటలు రోజూ అయ్యేవే, సాయంత్రానికి ఎవరికీ గుర్తుండవు. కానీ అంతమంది కళ్ళు, లేచిన నోరు, దిగడానికి మెట్టు కనపడలేదు. అదిగో ఆ క్షణంలోనే, తప్పు తనదని తెలిసిన ఆ క్షణంలోనే, చేతులు వాటంతట అవి కదిలాయి. ఆ నిండు బిందె ఎత్తింది, మోరిలోకి పారబోసింది, గోడవార మన్ను తీసుకుని, పీచు తెచ్చి, అందరి ముందూ బిందెను లోపలా బయటా తోమడం మొదలుపెట్టింది. మాట ఎందుకు, చూసిన ప్రతివాళ్ళకూ తెలుసు ఆ తోముడుకు అర్థం. చిన్నప్పుడు ఊళ్ళో నాయనమ్మ, ఊరి చివరి వాడ నుంచి పనికి వచ్చిన మనుషుల చెయ్యి తగిలితే గిన్నెను అట్లాగే మన్నుతో తోమి నీళ్ళు చల్లి లోపలికి తెచ్చేది. చిన్న తారామణి అది చూసి నాయనమ్మతో కొట్లాడేది. ఆ నాయనమ్మ పోయి ఎన్నేళ్ళయింది, ఆ చెయ్యి ఇక్కడికి, నాచారం గల్లీకి, తన భుజానికి ఎట్లా వచ్చి అతుక్కుంది. బిడ్డకు సూది వేసిన చెయ్యి పనికొచ్చింది, ఆ చేతి నీళ్ళు పనికిరాలేదు. చివరింటి సుశీలమ్మ, అయ్యో తారా, నిండు బిందె అన్నది, నీళ్ళ కోసం అన్నదో ఇంక దేని కోసం అన్నదో. విక్టోరియా తన బిందె సగం నిండిందో లేదో ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఆ రోజు నుంచి నల్లా దగ్గరికి అందరూ పోయాకే వచ్చేది, సన్నటి ధార కింద ఒక్కతే నిలబడేది. కిటికీలోంచి చూసి తారామణి తెర జరిపేసేది.

బిందె తోమిన ఆ రోజు మధ్యాహ్నం కూడా ల్యాప్‌టాప్ మూత ఎత్తితే నెట్టు వచ్చింది. మరునాడూ వచ్చింది. దానంతట అదే పట్టుకుంటోంది, నేను అడిగానా అనుకుంది. నీళ్ళు వద్దన్న మనిషి గాలిని మాత్రం తాగుతూనే ఉంది. ఒకసారి బట్టలు ఆరేయడానికి పైకి పోతుంటే మెట్ల మీద నుంచి కిటికీలో వాళ్ళ గది కనిపించింది. ఇంటికి తాళం, లోపల అలమర మీద నెట్టు పంచే మోడెం, పచ్చదీపం మిణుకుమిణుకుమంటూ. విక్టోరియా ఎట్లాంటి మనిషి, బయటికి పోతే ప్రతి స్విచ్చూ ఆర్పి, మళ్ళీ వెనక్కి వచ్చి ఒకసారి చూసుకుని పోయే మనిషి. మరిచిపోయిందిలే అనుకుంది తారామణి. రెండో రోజూ, వారానికీ, నెలకూ మరిచిపోయిందిలే అనే అనుకుంది. పగలంతా ఆ ఇంట్లో మనిషి లేనప్పుడు ఆ దీపం ఎవరి కోసం వెలుగుతోంది అని తనను తాను అడగడానికి ధైర్యం కావాలి, ఆ ధైర్యం ఆమెకు లేదు, ఈ పొద్దటిదాకా లేదు. పట్టీ నిండింది. తెర ఒక్కసారి నల్లబడి మళ్ళీ వెలిగింది. ల్యాప్‌టాప్ ముందు అంచున నారింజ రంగులో ఉన్న చిన్న బొట్టు నీలంగా మారింది.

"అచ్చిందా?" సురేష్ గొంతులో సంబరం.

"అచ్చింది." ఎర్ర గీత పోయింది. జాబితాలో ఒకటే పేరు, ఇంగ్లీషు అక్షరాల్లో మోషే.

"సిగ్నల్ ఫుల్లున్నదా? ఇగ పాస్‌వర్డ్ కొట్టు, అయిపాయె."

"నాకు తెల్వదు. ఇన్ని రోజులు అదే పట్టుకునేది."

"అదే ఎట్ల పట్టుకుంటది వదినె? ఎవలో ఒకసారి ఇచ్చిన్రు, అది యాదివెట్టుకున్నది. నువ్వు పాతది మొత్తం తుడిచినవు గద, మర్చిపోయింది. పక్కింటోళ్ళదే గద, పోయి అడుగు. గంత పని చేసినవు, గింతదానికి ఆగినవా?"

సురేష్‌కు ఏం తెలుసు. నల్లా ముచ్చట అతనిదాకా పోలేదు, పోనివ్వలేదు, ఉప్పలయ్యకే సగం చెప్పి సగం మింగింది. ఫోను పక్కన పెట్టింది. తెర మీద ఖాళీ డబ్బా, అందులో నిలువు గీత మిణుకు మిణుకుమంటోంది, చెప్పు చెప్పు అన్నట్టు. గోడ అవతల పీచు చప్పుడు ఆగింది, నీళ్ళు పోసి కడుగుతున్న చప్పుడు.

"నేను పోయి అడుగుతనే అమ్మా," అంది కావ్య లేస్తూ. "ఆంటీ నాతోని మాట్లాడ్తది. నల్లా కాడ ఎవ్వరు లేనప్పుడు మాట్లాడ్తది."

"ఏమని మాట్లాడ్తది?"

"ఏమంటది, మంచిగ చదువుకో అంటది." పిల్ల మొహం దించుకుంది. "అండ్ల నీ గురించి ఉండదు."

అది ఇంకా లోతుగా దిగింది. తిట్టి ఉంటే పట్టుకోవడానికి ఏదో ఒకటి దొరికేది. పంపించెయ్యి, పిల్లను పంపించెయ్యి, అయిదు నిమిషాల్లో అయిపోతుంది అని లోపల ఒక గొంతు. బిందె తోమినప్పుడు కూడా పిల్ల ఈ గడప మీదే నిలబడి ఉంది, జడ సగం అల్లుకుని, ఆ సగం జడ చేతిలో అట్లాగే పట్టుకుని. ఆ రోజు చూసిన పిల్లను ఇవాళ అడుక్కోవడానికి పంపిస్తే ఇంక తల్లిగా తన దగ్గర మిగిలేదేంటి. తారామణి లేచింది. కాళ్ళు తిమ్మిరెక్కి ఉన్నాయి, గోడ పట్టుకుంది, ఆ గోడే. కొంగు సరిచేసుకుంది, మళ్ళీ ఎందుకు సరిచేసుకున్నానా అనుకుంది. రెండు గుమ్మాల మధ్య నాలుగు బారల అరుగు, అది దాటుతుంటే వరసలో ప్రతి కిటికీ తననే చూస్తున్నట్టుంది, నిజానికి అందరూ టీవీల్లో బందు చూస్తున్నారు. ఏం చెప్పాలో కూడగట్టుకుంది, మంచి మాటలు, మెత్తటి మాటలు, అక్కా ఆ రోజు నాకు పెయ్యి బాగలేకుండె, ఇంట్ల గొడవలుండె. అన్నీ తప్పించుకునే మాటలే. మోషే తలుపు తీశాడు, మెడలో హెడ్‌ఫోన్ వేలాడుతోంది, చెల్లె అనబోయి మింగేసి, లోపలికి తిరిగి విక్టోరియాను పిలిచాడు. ఆమె తడి చేతులతో వచ్చింది.

"ఏంది?"

"నెట్ పోయింది అక్కా. విండోస్ మార్చిన. పాస్‌వర్డ్ అడుగుతున్నది."

విక్టోరియా గుమ్మంలోనే నిలబడింది. "గిందుకేనా వచ్చినవు?"

కాదక్కా, నిన్ను చూద్దామని, మనసు ఆగక అనే అబద్ధం నాలుక చివరే ఉంది, బెల్లంలా ఉంది. "గిందుకే," అంది తారామణి. "కావ్య ఫారం లేకపోతే రాకపోదును. ఏ మొఖం వెట్టుకొని వస్త?"

"ఎప్పటిదాక టైము?"

"ఐదు."

విక్టోరియా చేతులు కొంగుకు తుడుచుకుని, ఆమెను దాటుకుని తనే ముందు నడిచింది. తారామణి గదిలోకి మూడు నెలల తర్వాత అడుగుపెట్టింది, కూర్చోలేదు, వంగి నిలబడే కొట్టింది. తారామణి మొహం అటు తిప్పుకుంది. నెట్టు కలిసింది. కావ్య ఫారం తెరిచి నింపుతోంది, విక్టోరియా పక్కనే నిలబడి, నింపాదిగ కొట్టు బిడ్డా, పుట్టిన తారీఖు మల్లొకసారి సూడు అంటోంది.

"ఇన్ని దినాలు ఎందుకు బందు పెట్టలేదక్కా?" ఆ ప్రశ్న తన నోట్లోంచి ఎట్లా వచ్చిందో తారామణికి తెలియదు.

"పెట్టిన. రెండుసార్లు పెట్టిన. కడుపు మండి పెట్టిన." విక్టోరియా తెర మీద నుంచి కళ్ళు తీయలేదు. "పొద్దుగాల్ల ఈ పిల్ల పుస్తకాలు వట్టుకొని మెట్ల మీద కూసుంటది. సూసి మల్ల ఏసి పోయిన. నీ కోసం కాదు."

"ఎరుకనే."

ఫారం ఢిల్లీకి చేరింది. తెర మీద ఒక పొడుగు నంబరు వచ్చింది, కావ్య దాన్ని అరచేతి మీద రాసుకుని, ఆ చేతిని చూసుకుంటూ ఏడ్చింది. తారామణి చాయ్ పెడతానంది. కూర్చో అంది. అక్కా, నేను ఆ రోజు అని మొదలుపెట్టింది.

"ఆగు," అంది విక్టోరియా గడపలో చెప్పులు తొడుక్కుంటూ. "ఈ గదిల చెప్పకు, ఇక్కడ వినెటోళ్ళు ఎవరున్నరు? గల్లీల చేసినవు, గల్లీల చెప్పు. రేపు నీళ్ళొస్తయి."

ఆ రాత్రి తారామణి ఎట్లా పడుకుందో నేను చెప్పను, నీకు తెలియదా. తెల్లారి నల్లా దగ్గర అందరి బిందెల మధ్య నిలబడి చేసింది చేసినట్టు చెప్పింది, సుశీలమ్మ ఇగ పోనియ్యి బిడ్డా అని అడ్డం వస్తే, పోనియ్యను అని చివరిదాకా చెప్పింది. విక్టోరియా వాటేసుకోలేదు, కన్నీళ్ళు పెట్టలేదు. "విన్న," అంది. ఆ ఒక్క మాటే అంది. కావ్యకు సీటు వచ్చిందా అని అడుగుతావు, వచ్చింది, అది వేరే ముచ్చట. ఈ ముచ్చట యాదిలో పెట్టుకో బిడ్డా, నీ తర్వాతి వాళ్ళకు చెప్పు. చెప్పేటప్పుడు తారామణి మీద జాలి పడి, పొరపాటున పారబోసిందనో, ఎవరి బిందెనో తెలియక తోమిందనో తేలిక చేయకు. ఆమె కోసమే నింపిన బిందె అని తెలిసే పారబోసింది. ఆ మాట తీసేసి చెప్పేటట్టయితే, అసలు చెప్పనే వద్దు.